లెక్కలో రాయని ఇస్త్రీ పెట్టె

ఏప్రిల్ 3, గురువారం

పొద్దున తలుపు తీస్తే మా గుమ్మం పక్కన గోడకు కొత్త మీటరు. నిన్న సాయంత్రం మేం ప్రార్థన కూటానికి పోయినప్పుడు బిగించారట, చీకట్లో చూసుకోలేదు. అరచెయ్యంత డబ్బా, అద్దం వెనక అంకెలు, పక్కన ఆవగింజంత ఎర్రదీపం. దీపం ఆగి ఆగి వెలుగుతోంది. లోపలికి పోయి రెండో ఫ్యాను కూడా వేసి వచ్చి చూశాను. తొందర తొందరగా వెలుగుతోంది. ఆపేసి వచ్చాను. మళ్లీ నెమ్మదించింది. ఇంట్లో ఏం జరుగుతోందో బయట గోడకు తెలిసిపోతోంది! నాలుగుసార్లు ఇలా తిరిగాక అమ్మ అంది, "కాలేజీకి పోతవా, దానితోటి ఆడుకుంటవా?"

ఇస్మత్ ఆంటీ మెట్ల దగ్గర ఎదురైంది. ఈ బిల్డింగు ఆమెదే. కింద ఆమె, ఆమె కూతురు లుబ్నా ఉంటారు. లుబ్నా నా క్లాసే.

"చూడు బేటీ, ఆరు పోర్షన్లకు ఒక్కటే కనెక్షన్. అందరు కలిసి కాల్చేది పై స్లాబుల పడి రేటు పెరుగుతుంది. బిల్లు చూస్తే నాకు బీపీ లేస్తుంది. ఇగ మీ ఇష్టం. నెలకు వెయ్యి ఫిక్స్ కట్టి ఎంతన్న కాల్చుకోండి, నేను మీటరు దిక్కు చూడ. లేదంటే మీటరు ప్రకారం, యూనిటుకు పది. ఆదివారం లోపల చెప్పాలె. ఒకసారి చెప్పినంక ఏడాది దాక మార్చుడు లేదు."

దార్లో లుబ్నా అంది, "మా అమ్మీ దగ్గర రెండే రేట్లు. బజార్ల టమాటలకైతే గంటకో రేటు అడుగుతది."

ఫిక్స్ అంటే స్థిరం, మీటరు అంటే చరం. రెండూ మంచి మాటలే. మా కాలేజీ శిరీష మేడం రోజుకు రెండు మాటలు పట్టుకుని డైరీ రాయమన్నారు, ఎవరికీ చూపించకపోతేనే నిజం రాస్తామన్నారు. అందుకే దీన్ని పాత నోట్సుల మధ్య పెడుతున్నాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

బాపు నన్ను అడిగాడు! "నువ్వు సదువుకున్నవు గద బిడ్డా. ఫిక్సా, మీటరా? నువ్వే చెప్పు."

బాపు ఇంతవరకు నన్ను ఏదీ అడగలేదు. టీ ఎక్కడుందని కూడా అమ్మనే అడుగుతాడు. కార్గో గోదాములో పెట్టెలు మోసి మోసి ఇంటికి వచ్చే మనిషి, అలసట వల్ల అలా ఉంటాడు. ఇప్పుడు మారాడు. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు సంఘం అందరి ముందు తీర్మానం తీసుకున్నాడు. ఒకరు టీ మానేశారు, ఒకరు మాంసం మానేశారు. బాపు లేచి నిలబడి, "ఈస్టర్ దాక ఇంట్లో వాళ్ల మీద చెయ్యి ఎత్త" అన్నాడు. 'ఎత్తను' అని కదా అనాలి. మా వైపు అలాగే అంటాం, చివరి అక్షరం మింగేస్తాం. పాస్టరు గారికి అర్థమైంది. అందరం చప్పట్లు కొట్టాం. అమ్మ కూడా కొట్టింది.

ముప్పై రోజులైంది. మాట తప్పలేదు. ప్లాస్టిక్ స్టూలు విరిగింది, అద్దం పగిలింది, బాత్రూం వైపు వెనక తలుపు గడియ ఊడింది. మనుషుల మీద కాదు.

రేపు లెక్క వేసి ఇవ్వాలి. తప్పు రాకూడదు.

ఏప్రిల్ 5, శనివారం

కొత్త కాగితం తీసి స్కేలుతో గీతలు కొట్టాను. ఫ్యానుకు డెబ్బై ఐదు వాట్లు, రెండు ఫ్యాన్లు, రోజుకు పద్నాలుగు గంటలు. టీవీ. మూడు ట్యూబులైట్లు. మిక్సీ. రోజుకు మూడు యూనిట్ల లోపే వచ్చింది. నెలకు ఎనిమిది వందల చిల్లర. ఫిక్స్ కంటే మీటరే తక్కువ. బాపు కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివాడు. "గిట్ల ఉండాలె సదువంటే" అన్నాడు. అమ్మతో అన్నాడు, నాతో కాదు. అయినా నా గురించే కదా.

అమ్మ అంది, "ఫిక్సే మంచిగుంటదేమో. ఎండాకాలం."

"ఎందుకు? బిడ్డ లెక్క రాసింది గద. దాంట్ల లేనిది నీ దగ్గర ఏమున్నది?"

అమ్మ పొయ్యి దగ్గరికి పోయింది.

లెక్కలో లేనిది ఉంది. ఇస్త్రీ పెట్టె. బాపు డ్యూటీకి పోయాక అమ్మ క్యాబ్ డ్రైవర్ల తెల్ల అంగీలు ఇస్త్రీ చేస్తుంది. రోజుకు ముప్పై, నలభై. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా మంచం కిందికి తోసేస్తుంది. నా ఫీజు, నా పుస్తకాలు, ఈ డైరీ కూడా ఆ అంగీలవే. బాపుకు గవర్నమెంటు కాలేజీ అంటే అంతా ఫ్రీ అనే తెలుసు. రెండేళ్ల కింద ఒకసారి బాపుకు అంగీలు కనిపించాయి. "పరాయి మగోళ్ల అంగీలు నా ఇంట్ల ఎందుకున్నయి" అని అడిగాడు. అప్పటి నుంచి అమ్మను మేం కుడివైపు నుంచే పిలుస్తాం. ఎడమ చెవి వినపడదు.

అందుకే రాయలేదు. అమ్మను కాపాడాలనే రాయలేదు.

బాపు బయటికి పోగానే అమ్మ అడిగింది, "ఇస్త్రీ పెట్టె ఏడ రాసినవ్?"

"రాస్తే బాపు అడుగుతడు గదా."

"రాయకుంటే మీటరు అడగదా?"

ఏప్రిల్ 6, ఆదివారం

బాపు కింద ఇస్మత్ ఆంటీ దగ్గర సంతకం పెట్టి వచ్చాడు. మీటరే. నా కాగితం మడిచి తన బైబిల్లో పెట్టుకున్నాడు.

ఏప్రిల్ 9, బుధవారం

బాపు డ్యూటీకి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి మీటరు చూసి గోడ మీద సుద్దతో రాస్తున్నాడు. చెప్పులు విడవకముందే మీటరు. రెండు రోజులు అమ్మ ఇస్త్రీ చేయలేదు. మొన్న రెండున్నర యూనిట్లు, నిన్న రెండు ముప్పావు. "సరిగ్గ బిడ్డ చెప్పినట్టే" అన్నాడు.

ఈరోజు డ్రైవర్లు వచ్చారు. తెల్లంగీ లేకపోతే ఎయిర్‌పోర్టు ట్రిప్పులు ఇవ్వరట, ఫైన్ కూడా వేస్తారట. అమ్మ మూటలు తీసుకుంది.

సాయంత్రం గోడ మీద: నాలుగు పాయింటు తొమ్మిది.

బాపు చాలాసేపు దాని ముందు నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి ఇంట్లో ఉన్న ఒక్కొక్క వస్తువునూ వెనక నుంచి తడిమి చూశాడు. టీవీ, మిక్సీ, టేబుల్ ఫ్యాను. వేడిగా ఉన్నదేదో వెతుకుతున్నాడు. ఇస్త్రీ పెట్టె మంచం కింద పాత చీరల మూటలో ఉంది. ఒంటిగంట నుంచి చల్లారుతూనే ఉంది.

"ఏం కాలిందే ఇంతగనం?"

"ఎండ గద. ఫ్యాను ఎక్కువ తిరిగింది" అంది అమ్మ.

"ఫ్యానా." టేబుల్ ఫ్యాను జాలీ ఊడదీశాడు. రెక్కలను ఒక్కొక్కటే చేత్తో వంచి విరిచాడు. మూడు రెక్కలు, మూడు చప్పుళ్లు. అతని బొటనవేలు కోసుకుని నేల మీద రక్తం పడింది. అమ్మ తుడిచింది. "ఇగ తిరగది" అన్నాడు బాపు.

తీర్మానం నిలబడింది.

ఏప్రిల్ 10, గురువారం

ఉపాయం దొరికింది. నాదే. ఇస్త్రీకి ఎంత కాలుతుందో అంత ఫ్యాను ఆపేస్తే సరి. బాపు లేనంతసేపు పై ఫ్యాను, లైట్లు, టీవీ అన్నీ బంద్.

కాలేజీ లేదు. నలభై ఒక్క డిగ్రీలు. అమ్మ కిటికీ తలుపులు మూసి (అంగీలు ఎవరికీ కనపడకూడదు) ఇస్త్రీ చేసింది. ఆమె గడ్డం నుంచి చెమట జారి పెట్టె మీద పడి సుయ్యిమంటోంది. పదో అంగీకి కూర్చుంది. ఇరవయ్యో అంగీకి వాంతి చేసుకుంది. నేను అట్టముక్కతో విసిరాను.

"చదువుకో పో" అంది.

"చదువుతున్న." చదవలేదు. సుయ్యిమనడం అనే మాటకు ఇంకేదైనా మాట ఉందా అని ఆలోచిస్తున్నాను. సిగ్గు లేదు నాకు.

గోడ మీద: మూడు ఎనిమిది. ఫ్యాను ఎంత ఆపినా ఇస్త్రీ పెట్టెకు సరిపోదు. వెయ్యి వాట్లు. ఈ లెక్క నాకు ముందే తెలుసు.

ఏప్రిల్ 11, శుక్రవారం

బాపు అన్నం తింటూ నవ్వుతూ అన్నాడు, "ఈస్టర్ ఇంక తొమ్మిది దినాలే గదనే." అమ్మ చేతిలో గరిటె ఆగింది. బాపు పులుసు వేసుకున్నాడు. పండగ గురించే అని ఉంటాడు.

ఏప్రిల్ 12, శనివారం

వరుసగా రాయాలి.

బాపు మూడింటికి వచ్చాడు. గోడ మీద నాలుగు ఆరు రాశాడు. సుద్ద విరిగింది. ఈసారి లోపలికి రాలేదు. మీటరు నుంచి పోయే వైరును చేత్తో పట్టుకుని, గోడ వెంట నడుచుకుంటూ పోయాడు. ఆ వైరు అరుణ్‌కుమార్ అన్న వాళ్ల తలుపు మీదుగా పోతుంది. అన్న పక్క పోర్షన్లో ఒక్కడే ఉంటాడు, క్యాబ్ నడుపుతాడు.

"దొరికిండు" అన్నాడు బాపు.

అన్న అప్పుడే ట్రిప్పు నుంచి వచ్చి మెట్లెక్కుతున్నాడు. చేతిలో టీ పార్శిల్.

"నా వైరుకు కొండి తగిలించినవా రా?"

"ఏం కొండి అన్నా? నేను ఫిక్స్ కడుతున్న. నాకు మీ కరెంటు ఎందుకు?"

"రోజు రెండు యూనిట్లు ఏడికి పోతున్నయి మరి? నా బిడ్డ లెక్క రాసింది. మూడు దాటది. నా బిడ్డ లెక్క తప్పా?"

అన్న నన్ను చూశాడు. నేను తలుపు దగ్గర ఉన్నాను. అన్న తెల్లంగీ ఒకటి ఆ క్షణం మా మంచం కింద ఉంది, మడత నలగకుండా. అన్న మా తలుపు వైపు, నా వెనక ఉన్న అమ్మ వైపు చూశాడు. తర్వాత అన్నాడు, "ఏమో అన్నా. నాకు తెల్వది."

మొదటి గుద్దు మూతి మీద. పార్శిల్ పగిలి టీ మెట్ల మీద కారింది. అన్న కింద పడ్డాడు. బాపు అతని మెడ వంచి తలను గోడకు కొట్టాడు. ఒకటి, రెండు. ఎముక సిమెంటుకు తగిలితే వచ్చే చప్పుడు నేను అనుకున్నంత పెద్దది కాదు. డ్రమ్ములో నీళ్లు తొణికినట్టు ఉంది. బాపు నోట్లోంచి మాటలు కూడా రావడం లేదు, గోదాములో పెట్టె ఎత్తేటప్పుడు వచ్చే ఊపిరి వస్తోంది. పైన విమానం దిగుతోంది. అది పోయేదాకా అన్న అరుపు వినపడలేదు. పోయాక కూడా అరుస్తూనే ఉన్నాడు.

ఇస్మత్ ఆంటీ కింది నుంచి పరిగెత్తుకొచ్చింది. "అరె జ్ఞానదాసూ! మనిషివా నువ్వు? చర్చిల దేవుని ముందట మొక్కినవంట గద!"

బాపు లేచి చేతులు దులుపుకున్నాడు. "ఇంట్లో వాళ్ల మీద చెయ్యి ఎత్త అని మొక్కిన. బైటోళ్ల సంగతి మొక్కలే."

అన్న ముందు పన్ను మెట్టు మీద ఉంది. ఒక్క మాట అంటే చాలు. "బాపూ, ఇస్త్రీ పెట్టె." మూడే మాటలు. నాకు ఇన్ని మాటలు వచ్చు. అనలేదు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది కాబట్టి అనలేదు.

అమ్మ పట్టుకోలేదు. నేనే అనలేదు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

బాపు వేళ్ల కణుపులు వాచి, ఈత మట్ట సరిగ్గా పట్టుకోలేకపోయాడు. ఇమ్మాన్యుయేల్ పాస్టరు గారు ఇంకా వారమే ఉందని, ఒక సహోదరుడు తీర్మానాన్ని ఎలా నిలుపుకున్నాడో చూడమని అన్నారు. పేరు చెప్పలేదు. అందరూ బాపునే చూశారు.

ఏప్రిల్ 15, మంగళవారం

ఇస్మత్ ఆంటీ నిన్న అమ్మను పిలిచింది. "వరమ్మా, నీ పెట్టె తీసుకొని కిందికి రా. నా ప్లగ్గుల పెట్టుకో. నాకు అన్ని తెలుసు, నోరు తెరవకు." ఆమెకు ఎప్పటి నుంచి తెలుసో. అమ్మ నిన్నా, ఈరోజూ కింద చేసింది.

నిన్న రెండున్నర. ఈరోజు రెండు ఆరు.

బాపు గోడ ముందు నిలబడి గట్టిగా నవ్వాడు. "చూసినవా? రెండు గుద్దులకు మీటరు దారికొచ్చింది." పోర్షను పోర్షనుకూ తిరిగి అందరినీ పిలిచి ఆ అంకెలు చూపించాడు. ముందు ఇన్ని, వాడిని కొట్టాక ఇన్ని. సుద్దతో రాసిన రుజువు. అందరూ తలలూపారు. దొంగను బిల్డింగులో ఉంచొద్దని ఇస్మత్ ఆంటీ మీద పడ్డారు.

ఏప్రిల్ 17, గురువారం

నెలాఖరుకు ఖాళీ చేయమని అరుణ్‌కుమార్ అన్నకు చెప్పారు. చెప్పింది ఇస్మత్ ఆంటీనే. ఐదు పోర్షన్లూ ఒక్కటైతే ఆమె ఏం చేస్తుంది అని లుబ్నా అంది. "నిజం చెప్పొచ్చు గదా" అన్నాను. లుబ్నా నన్ను తేరిపార చూసింది. "నువ్వు చెప్పొచ్చు గదా, షెకీనా?"

బస్సులో తను వేరే సీటుకు పోయి కూర్చుంది.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

మూడు గంటల ఆరాధన. బాపు ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. ఆ కన్నీళ్లు అబద్ధమని రాయలేను.

ఏప్రిల్ 20, ఈస్టర్

తెల్లవారుజామున సమాధుల తోటలో ప్రార్థన. కొవ్వొత్తులు, మల్లెపూలు. బాపు మా నాయనమ్మ సమాధిని చేత్తో కడిగాడు. ఇంటికి వచ్చాక చికెన్ తెచ్చాడు, అమ్మకు చీర తెచ్చాడు, నాకు పెన్ను. నలభై రోజులు గెలిచిన మనిషి మొహం ఎంత బాగుంటుందో.

భోజనాలయ్యాక బాపు పడుకున్నాడు. అమ్మ గిన్నెలు కడుగుతూ అంది, "రేపు పైననే చేస్త. తలుపు తీసి పెట్టి చేస్త."

"అమ్మా!"

"ఆ పిలగాని మూతి చూస్తే నాకు అన్నం దిగుతలేదు. నేను చెప్తే మీ బాపు వినడు. మీటరు చెప్తే వింటడు."

"కిందనే చెయ్యమ్మా. నెలాఖరుకు అన్న వేరే రూము చూసుకుంటడు."

అమ్మ నా వైపు కుడిచెవి తిప్పింది. "ఏమన్నవ్?"

మళ్లీ అనలేకపోయాను.

ఏప్రిల్ 21, సోమవారం

రాయలేను.

ఏప్రిల్ 22, మంగళవారం

నిన్న కాలేజీ నుంచి మూడున్నరకు వచ్చాను. మీటరు ముందు బాపు లేడు. ఎర్రదీపం ఆగకుండా కొట్టుకుంటోంది, రెండు వెలుగుల మధ్య చీకటే కనపడనంత వేగంగా. తలుపు గడియ లోపల వేసి ఉంది. అమ్మ తీసి పెడతానన్న తలుపు.

కిటికీలోంచి చూశాను. నేలంతా తెల్లంగీలు. కొన్ని ఎర్రగా. బాపు అమ్మ వీపు మీద మోకాలు పెట్టి, ఆమె కుడిచేతిని అంగీలు పరిచే దుప్పటి మీద చాపి పట్టుకున్నాడు. రెండో చేతిలో ఇస్త్రీ పెట్టె.

"ఎవనిది ఇది? చెప్పు. ఇది ఎవనిది? ఇది?" ఒక్కొక్క అంగీ పేరు అడుగుతున్నాడు. అడిగినప్పుడల్లా పెట్టెను ఆమె చేతికి ఆనిస్తున్నాడు. "నలభై దినాలు ఓపిక పట్టిన. నలభై! దేవుని మొహం చూసి పట్టిన!"

అమ్మ అంది, "అరుణ్‌కుమార్ ది. ఆ పిలగాడు దొంగ కాదు." మళ్లీ ఆనించాడు. "దొంగ కాదు" అంది. చర్మం కాలే వాసన కిటికీ దాకా వచ్చింది. వాసన గురించి ఇంక రాయను.

బాత్రూం వైపు వెనక తలుపుకు గడియ లేదు, బాపే ఊడగొట్టాడు. అటు నుంచి వెళ్లాను. పెట్టె వైరు పట్టుకుని గుంజాను. ప్లగ్గు ఊడింది, పెట్టె అతని చేతిలోంచి జారి నా చేతిలోకి వచ్చింది. ఎంత బరువో. బాపు తల తిప్పి, "నీ లెక్కల ఇది ఎందుకు రాయలేదే?" అన్నాడు. కొట్టాను. కనుబొమ మీద తగిలింది. పక్కకు పడ్డాడు, కన్ను మూసుకుని చెయ్యి అడ్డం పెట్టాడు. "బిడ్డా, వద్దు" అన్నాడు.

అక్కడితో ఆగొచ్చు. అమ్మ లేచి దూరంగా జరిగింది, అతను లేచే స్థితిలో లేడు. ఆగలేదు. రెండోసారి కొట్టాను, దవడ మీద. మొదటిది అమ్మ కోసం. రెండోది నాకు బాగుండి కొట్టాను. ఇది ఎవరికీ తెలియదు. చెయ్యి ఎత్తినప్పుడు ఒళ్లంతా తేలికైపోయింది. బాపుకు కూడా ఇలాగే ఉంటుందా?

మూడోసారికి అమ్మ నా నడుము పట్టుకుని లాగింది.

దవాఖానకు అరుణ్‌కుమార్ అన్న క్యాబులోనే పోయాం. ముందు సీట్లో బాపు, తువ్వాలు మొహానికి ఒత్తుకుని. వెనక నేను, అమ్మ, ఇస్మత్ ఆంటీ. నర్సు అడిగితే బాపు, "మెట్ల మీద పడ్డ" అన్నాడు. రెండేళ్ల కింద అమ్మ చెప్పిన మాటే. అమ్మను అడిగితే, "పొయ్యి కాడ కాలింది" అంది. నర్సు అమ్మ చేతిని లైటు కిందికి తిప్పింది. మోచేతి నుంచి మణికట్టు దాకా ఐదు మచ్చలు, అన్నీ ఒకే ఆకారం, ఒక కొస మొనదేలి.

"ఏ పొయ్యమ్మా ఇది? మూడు మూలల పొయ్యా? నాకు చెప్పకున్నా సరే, ఠాణాల చెప్పు."

బయట అరుణ్‌కుమార్ అన్న బండి కడుగుతున్నాడు. సీటు మీద రక్తం. నేను పోయి చెప్పాను. "అన్నా, ఆరోజు మీరు కాదని నాకు తెలుసు. నేను చెప్పలే."

"నాకు గూడ తెలుసు" అన్నాడు. పన్ను లేని చోట మాట ఈల వేస్తోంది. "నా అంగీ మీ ఇంట్లనే ఉండె గదా."

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఆ గుద్దులు ఎవరికి పడుతుండె?" తుడుస్తూనే ఉన్నాడు. గుడ్డ పిండి అన్నాడు, "గిట్ల అయితదని తెలిస్తే చెప్తుంటినేమో. నాకేం ఎరుక చెల్లే."

ఏప్రిల్ 23, బుధవారం

మొన్న దవాఖాన నుంచి మేం పైకి పోలేదు. ఇస్మత్ ఆంటీ ఇంట్లో వెనక గది ఉంది, గోధుమ డబ్బాలు, కుట్టు మిషను పెట్టుకునేది. అవి జరిపి చాప వేసింది. లుబ్నా నా పుస్తకాలు తెచ్చి ఇచ్చింది, నోట్సుల మధ్య డైరీని చూసినా చూడనట్టే ఇచ్చింది.

సాయంత్రం పాస్టరు గారు వచ్చారు. బాపు ఆయన వెనకే, మొహానికి కట్టు, చేతిలో బైబిల్. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"వరమ్మా, సహోదరుడు చాలా బాధపడుతున్నాడు. ఈసారి క్రిస్మస్ దాకా తీర్మానం తీసుకుంటానంటున్నాడు. సంఘం ముందే" అన్నారు పాస్టరు గారు.

అమ్మ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "క్రిస్మస్ తెల్లారి ఏమైతది అయ్యగారూ?"

పాస్టరు గారు చాప అంచున కూర్చున్నారు. ఆయన మంచివారు. తర్వాత అన్నారు, "నేను చప్పట్లు కొట్టించాను. కొట్టించకుండా ఉండాల్సింది."

బాపు నన్ను చూసి, "బిడ్డా, నువ్వు చెప్పు. నీ మాట మీ అమ్మ వింటది" అన్నాడు. అతను నన్ను అడగడం ఇది రెండోసారి. గొంతు అచ్చం అలాగే ఉంది. నాలో ఏదో లేచి నిలబడింది కూడా, జవాబు చెప్పడానికి, మెప్పు కోసం. దాన్ని పట్టుకుని కూర్చోబెట్టాను. "నేను చెప్ప" అన్నాను.

వాళ్లు పోయాక ఇస్మత్ ఆంటీ చాయ్ ఇచ్చి, "ఈ గది కిరాయికి నీ పేరు మీద రాసుకుంట వరమ్మా. కరెంటు ఫిక్స్ చేసుకో, ఐదు వందలు. ఎన్ని అంగీలన్న చేసుకో, నేను అడగ" అంది.

"వద్దు ఆపా. మీటరే పెట్టు. నేను కాల్చింది నేను కడత."

"అరె, నష్టపోతవే!"

"పోనియ్యి. ఎంత కాలిందో నన్ను అడిగేటోడు లేడు గద ఇప్పుడు. నాకే తెలుసుకోవాలని ఉన్నది." నన్ను చూసింది. "కాగితం తియ్యి. ఇస్త్రీ పెట్టె ముందు రాయి."

రాశాను.

ఏప్రిల్ 24, గురువారం

ఠాణాలో ఇవ్వాల్సిన అర్జీ రాయడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టింది. శిరీష మేడం చెప్పిన మంచి మాటలన్నీ ముందు రాసి, తర్వాత అన్నీ కొట్టేశాను. తేదీలు మిగిలాయి. చెవి పోయిన తేదీ అమ్మకు గుర్తుంది. నాకు తెలియని తేదీలు కూడా ఆమెకు గుర్తున్నాయి. పదకొండు చెప్పింది. నేను పుట్టకముందువి నాలుగు.

చివరికి నా సంగతి వచ్చింది. "నువ్వు కొట్టినది రాయకు" అంది అమ్మ. "మెట్ల మీద పడ్డడని అతనే చెప్పిండు గద. అదే ఉండనియ్యి."

ఇస్మత్ ఆంటీ కూడా అంది, "నీ మీద గూడ కేసు రాస్తరు బేటీ. సదువు పాడైతది."

లుబ్నా పెన్ను మూత తీసి నా చేతికి ఇచ్చింది.

ఒక దెబ్బ రాస్తే సరిపోతుందనుకున్నాను. అది అమ్మను విడిపించడానికి, అందరికీ అర్థమవుతుంది. ఒక్కటే రాసి చదివాను. బాగానే ఉంది. చదువుతుంటే ఎంత సులువుగా నమ్మాలనిపించిందో. కాగితం పక్కన పడేసి కొత్తది తీసుకున్నాను. 'రెండోసారి కొట్టవలసిన అవసరం లేదు, అయినా కొట్టాను' అని రాశాను. అమ్మకు చదివి వినిపించాను, కుడివైపు కూర్చుని. అమ్మ ఏడ్చింది, కానీ చింపమని అనలేదు. ఎడమచేత్తో సంతకం పెట్టింది. అక్షరాలు వంకరగా వచ్చాయి, చదవడానికి వస్తున్నాయి.

బాపు పైన ఉన్నాడు. నడుస్తుంటే మా కప్పు మీద అడుగులు వినిపిస్తున్నాయి. రేపు అతనికి మార్నింగ్ షిఫ్టు, నాలుగున్నరకు వ్యాను వస్తుంది. వ్యాను పోయిన చప్పుడు వినేదాకా తలుపు తీయొద్దని ఆంటీ చెప్పింది.

పొద్దున ముందు అమ్మ చేతికి కట్టు మార్చాలి. దవాఖాన చీటీ, అర్జీ రెండు కాపీలు, నా కాలేజీ కార్డు ఒక కవర్లో పెట్టుకోవాలి. బాపు పోయాక ఇస్త్రీ పెట్టెను పై నుంచి తెచ్చి, కడగకుండా అలాగే సంచిలో పెట్టాలి, చూపించమంటారేమో. అరుణ్‌కుమార్ అన్న ఆరున్నరకు బండి తీస్తానన్నాడు. అన్న కూడా లోపలికి వచ్చి తన పన్ను సంగతి చెప్తాడట. ఠాణాలో నన్ను ఏమడిగినా అమ్మ వైపు చూడకుండా జవాబు చెప్పాలి. ఆరింటికే లేచి తయారవ్వాలి.